తోట తెర

ఆ వేసవిలో నేను పొలంలో కన్నా డాబా మీదే ఎక్కువ ఉన్నాను. పని లేక కాదు. కింద వాకిట్లో మా అన్న తెర వేస్తున్నాడు. పైనుంచి చూసి చెప్పేవాడు ఒకడు కావాలి. ఇంట్లో తక్కువ మాట్లాడేవాణ్ణి నేనే కాబట్టి ఆ పని నా మెడకు పడింది.

"ఎక్కువ మాట్లాడేవాడు లేనివి కూడా చూస్తాడు. నువ్వు ఒక్క ముక్క చెప్తావు. దాంతో నేను దిద్దుకోగలను," అనేవాడు అన్న.

అన్న నాటకాల కంపెనీకి తెరలు వేసే పెయింటరు. స్టేజీ మీద మనుషుల వెనక దిగే పెద్ద గుడ్డలవి. రాజుగారి కొలువు, జైలు, అడవి, సందు మలుపులో దీపస్తంభం, అన్నీ ఆయన చేతిలోంచి వచ్చినవే. గుడ్డని వాకిట్లో పరిచి, పొడవాటి కర్రకి కుంచె కట్టి, చెప్పులు విడిచి దాని మీద నడుస్తూ వేస్తాడు. దగ్గర నుంచి చూస్తే అన్నీ మరకలే. ఎవరో రంగు డబ్బా తన్నేసి పోయినట్టు ఉంటుంది. డాబా ఎక్కితే ఆ మరకలు ఒకదానికొకటి దగ్గరికి జరిగి, ఒక గోడో ఒక చెట్టో లేచి నిలబడుతుంది. పూర్వం ఆయనే ఎక్కి చూసి దిగేవాడు. ఆ ఏడాది మెట్లు ఎక్కలేకపోయాడు. ఏళ్ళ తరబడి పీల్చిన పొడి రంగులు ఛాతీలో పేరుకున్నాయని, ఇక వాటి జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. అదే ఆయన ఆఖరి వేసవి అవుతుందని మాలో ఎవరూ పైకి అనలేదు.

"ఏం కనపడుతోంది?" అని కింద నుంచి అడుగుతాడు. నేను చూసి చెప్పాలి. కానీ తడి మీద చెప్పకూడదు. పొడి రంగుని జిగురు నీళ్ళలో కలిపి వేస్తారు. తడిగా ఉన్నంతసేపూ అది ముదురుగా నిగనిగలాడుతుంది. ఆరితే ఎండకి వెలిసిన గుడ్డలాగా పాలిపోతుంది.

"తడి చూసి మురిసిపోకురా. ఆరాక మిగిలిందే మనది," అనేవాడు.

అందుకని నెత్తి మీద తువ్వాలు వేసుకుని, ఆరేదాకా పిట్టగోడ మీద కూర్చునేవాణ్ణి.

వేసవి మొదట్లో కంపెనీ పెద్దాయన వచ్చాడు. వయసులో రాజు వేషాలు వేసి వేసి ఆ గొంతు అట్లాగే ఉండిపోయిన మనిషి. మంచినీళ్ళు అడిగినా కొలువులో అడిగినట్టే ఉంటుంది.

"ఆర్టిస్టూ, మన తోట తెర చిరిగిపోయింది. నాయిక పువ్వు కోయబోతే చెయ్యి మోచేతి దాకా అవతలికి పోయింది. జనం నవ్వారు."

"దాన్ని చూసి నవ్వడానికి చిరగక్కర్లేదు. ఏడాది పొడుగునా పూసే పూలన్నీ ఒక్క పూటే పూశాయి అందులో. ఎవడు వేశాడో గాని," అన్నాడు అన్న.

"చూసేవాళ్ళకి అదంతా తెలుసా ఏమిటి?"

"రాజుగారి కొలువు నేను చూడలేదు, మీరూ చూడలేదు. ఎట్లా వేసినా చెల్లిపోయింది. తోట అట్లా కాదు. తోట చూడనివాడు ఎవడున్నాడు?"

ఆయన అన్ని తెరలూ వేశాడు గాని తోట తెర ఒక్కటీ వేయలేదు. పాత పెయింటరు వేసింది చిరగకుండా ఉన్నంతకాలం కంపెనీ కొత్తది అడగలేదు. ఇన్నేళ్ళకి అడిగారు. అన్న ముఖం చూశాను. దీపం వత్తి కొంచెం పైకి తోసినట్టయింది.

వంటింట్లోంచి మా వదిన అంది, "డాక్టరు ఏమన్నాడో కూడా చెప్పండి పెద్దాయనకి."

"ఇంక చాలన్నాడు. ఈ ఒక్కటీ వేసి నేనూ చాలంటాను."

"మీ ఒక్కటిలు నేను చాలా చూశాను," అంది ఆవిడ. సాయంత్రం మెత్తటి పాత గుడ్డ చింపి, నాలుగు మడతలు వేసి, నాడాలు కుట్టింది. "వేస్తే ఇది తడిపి ముక్కుకి కట్టుకుని వెయ్యండి. లేకపోతే కుంచెలన్నీ పొయ్యిలో పెడతాను," అంది.

వానలు మొదలవగానే టౌను హాల్లో ఆట. అప్పటికి తెర కావాలి. పెద్దాయన వెళ్తుంటే అన్న ఎప్పటి పాటే పాడాడు. "తెరని కర్రకి చుట్టమనండి మీ వాళ్ళని. మడత పెట్టొద్దు. మడత పెట్టడం, ఆట ముందు గీతలు పోవాలని వెనక నుంచి తడిగుడ్డలతో అద్దడం. రంగు పాడైపోతుంది."

"చెప్తాను, చెప్తాను," అన్నాడు పెద్దాయన. లారీలో చోటు లేదని వాళ్ళు ఎప్పుడూ మడతే పెడతారు. ఇద్దరికీ తెలుసు.

అన్న తోట మా ఇంటికీ నా పొలానికీ మధ్య ఉండేది. గులాబీలు, బంతులు, పొద్దుతిరుగుళ్ళు, కంచె మీద పాకే నీలం పూల తీగ. ఒక మొక్క పక్కన ఇంకోటి నాటే ముందు రెండింటి ఆకులూ తెంపి, గుమ్మం నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి పట్టుకుని చూసేవాడు. బట్టల కొట్లో అంచుకి రంగు కుదిరిందా లేదా అని వీధిలోకి తెచ్చి చూసే ఆడవాళ్ళలాగా. పూరేకు నలిపి గోటి మీద రుద్దుకునేవాడు. వాడిన పువ్వుని తెంపనిచ్చేవాడు కాదు. వాడటం కూడా దాని పనేనని ఆయన లెక్క.

మా ఆవిడకి ఆ తోటంటే గిట్టదు.

"ఒక్క పూట కూరకి రాదు. నీళ్ళు మాత్రం ఏనుగులాగా తాగుతుంది," అనేది. ఆయన ముందే అనేది. "ఈ గులాబీలు వండుకోవచ్చా బావగారూ?"

"వండుకోకూడదు అమ్మాయ్. అందుకే పెంచుతున్నాను."

గుడ్డ వచ్చింది. అక్కాచెల్లెళ్ళలాగా వదినా మా ఆవిడా కూర్చుని పొడవాటి పట్టీలు కలిపి కుట్టారు. పెద్ద డేగిసాలో పిండి జిగురు ఉడికించి, తెల్ల సుద్ద కలిపి, మొత్తం గుడ్డకి పట్టించారు. వాకిలంతా తెల్లగా, వెన్నెల పగలే వచ్చి పడుకున్నట్టుంది. అది ఆరడానికి వదిలి మేము అన్నాలకి కూర్చున్నాం. తిరిగొచ్చేసరికి మా మేక గుడ్డ మూలన నిలబడి తాపీగా నములుతోంది. జిగురులో ఉన్నది పిండే కదా. అరచేతికి మూడింతల మూల పోయింది.

వదిన నెత్తి కొట్టుకుంది. మా ఆవిడ మేక చెవి పట్టుకుని ఈడుస్తూ, "ఇంకా రంగే వెయ్యలేదు, అప్పుడే తోటనుకుంది. మీ చెయ్యి అంత గొప్పది బావగారూ," అంది.

అన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది, దగ్గు ఆయాసంలోకి పోయింది. వదిన వీపు రాస్తూ నిలబడింది. తర్వాత ఆవిడే ఆ మూలకి అతుకు వేసి, మళ్ళీ జిగురు పూసింది.

తెర సిద్ధంగా ఉంది. తోట సిద్ధంగా లేదు.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. మా ఇద్దరికీ ఒకటే బావి. దాని అడుగు రాళ్ళు కనపడ్డాయి. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, కాసేపు బురద, ఆ తర్వాత గాలి. ఒక్క మడి తడిస్తే గొప్ప. నా టమాటా పూత మీద ఉంది. ఆ ఏడాది ఇల్లు గడవాల్సింది దాని మీదే.

"ముందు నీ టమాటాలకి పెట్టుకో. నాది అక్కర్లేని తోట," అన్నాడు అన్న తనే.

పెట్టుకున్నాను. బంతులు మొగ్గల మీదే తల వాల్చాయి. గులాబీ ఆకులు అంచుల నుంచి ముడుచుకున్నాయి. అన్న రోజూ పొద్దున్నే వచ్చి మొక్కల మధ్య గొంతుక్కూర్చుని, ఎండ ఎక్కేదాకా చూసి వెళ్ళిపోయేవాడు. తెల్ల గుడ్డ చుట్టి గోడవార పెట్టి ఉండేది.

"పూలు ఎట్లా ఉంటాయో నీకు తెలియదా? మొదలుపెట్టరాదూ? జ్ఞాపకం మీద వేసెయ్," అన్నాను ఒకరోజు.

"చూడకుండా వేస్తే దొంగ సాక్ష్యంరా. జైలు తెర అట్లా వేయొచ్చు. జైలు ఏమీ అనుకోదు."

ఆయనకి టైము లేదు. మాకందరికీ తెలుసు. ఒక్కొక్క రోజూ కాస్త తక్కువ దూరం నడుస్తున్నాడు.

ఒక తెల్లవారుజామున పార పట్టుకుని పొలానికి వెళ్ళాను. మోటారు అప్పుడే నడుస్తోంది. నీళ్ళ చప్పుడు మాత్రం రావలసిన వైపు నుంచి రావటంలేదు. పొగమంచు కాదు, దుమ్ము. దాంట్లోంచి చూస్తే కాలువ గండి దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది, మోకాళ్ళ దాకా బురద. టమాటా వైపు మట్టి వేసి కట్టేసింది. తోట వైపు కొత్తగా పిల్లకాలువ తవ్వింది. నీళ్ళు గులాబీల కిందకి పాకుతున్నాయి, తడవని చోటు తడవని చోటు వెతుక్కుంటూ.

"ఏం చేస్తున్నావు?"

"కనపడట్లా?"

"టమాటా పూత మీద ఉంది."

"ఉంటే ఉంది. టమాటా వచ్చే ఏడు కూడా కాస్తుంది."

మిగిలిన మాట అనలేదు. పార భుజాన వేసుకుని ఇంటికి నడిచింది. ఆ గండి మార్చడానికి వంగాను. వంగి, చేతులు కడుక్కుని లేచాను.

కొన్నాళ్ళు అట్లాగే జరిగింది. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. టమాటా పూత రాలింది. తోటలో ఆకులు విచ్చుకున్నాయి. ఒక బంతి మొగ్గ పచ్చి మూతి తెరిచి పసుపు చూపించింది. అన్నకి అది కనపడకుండా ఎట్లా ఉంటుంది? కనపడితే నీళ్ళు ఎక్కడివని ఆలోచించకుండా ఎట్లా ఉంటాడు?

ఒక పొద్దున ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పార. చేతులు మట్టి. తోట వైపు గండి పూడ్చేసి ఉంది. నీళ్ళు నా మళ్ళలోకి పోతున్నాయి. ఆయాసంతో భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఈ ఒంటితో నీకిదేం పని అన్నా?"

చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. ఊపిరి అందాక అన్నాడు, "అమ్మాయేనా?"

తల ఊపాను.

"ఆ పిల్లకి ఈ తోటంటే పడదు."

"పడదు."

"పడని తోటకి పెట్టింది." నీళ్ళ వైపు చూశాడు. "ఇంక దానికి పూలెందుకురా. ఎండనీ. ఎండిన తోటని మాత్రం ఎవరు చూశారు? చూసినా తల తిప్పుకుని పోతారు. నేను చూస్తాను. గుడ్డ పరుచు."

మా ఆవిడ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. "బావగారికి మన నీళ్ళు పనికిరాలేదు," అని వదినతో అంది, ఆయనకి వినపడేట్టు.

ఆ తర్వాతి రోజులు నాకు విడివిడిగా గుర్తులేవు. అన్నీ కలిసి ఒక్క పొడవాటి పొద్దులాగా ఉంటాయి. తెల్లారుతూనే నేను డాబా మీద. కింద తెల్లటి గుడ్డ మీద అన్న, ముక్కుకి తడిగుడ్డ, చేతిలో కర్ర. ఒక అడుగు వేస్తాడు, కర్ర చివర కుంచె వంగి లేస్తుంది, మళ్ళీ అడుగు. గుడ్డ మీద నడుస్తున్నాడో తోటలో నడుస్తున్నాడో పైనుంచి తెలిసేది కాదు. ఆకు వేయబోయే చోట పక్కకి తప్పుకుని, తొక్కకుండా నడిచేవాడు. ఇంకా వేయలేదు గదా, తొక్కితే ఏమవుతుంది అని అడగాలనిపించేది. అడగలేదు. ఎండ ఎక్కేసరికి వాకిలి గోడలు వేడికి అలలు తేలేవి, ఆ అలల్లో కింద మొక్కలు కదిలినట్టుండేవి. నేను కునికేవాణ్ణి. కళ్ళు తెరిస్తే ఒక తీగ కొత్తగా కంచె పట్టుకుని ఉండేది.

ఆయన వేసింది ఎండిన తోట. దుమ్ము రంగు ఆకుపచ్చ. గడ్డి రంగు బంతులు. తల వేలాడేసిన పొద్దుతిరుగుళ్ళు. నెర్రెలిచ్చిన మట్టి. మేక తిన్న మూలలో, అతుకు మీద, సన్నటి చార ఒకటి గీశాడు. అది తోటలోకి వెళ్తోంది.

"అది కాలువా?" అన్నాను పైనుంచి.

"ఆ. మీ ఆవిడ తవ్వింది."

"నీళ్ళు లేవు అందులో."

"ఆరాక లేవు," అన్నాడు. ఊపిరందక మాట తెగిందనుకున్నాను.

అది కూడా ఆరాక ఆఖరిసారి అడిగాడు. "ఏం కనపడుతోంది?"

చూశాను. చాలాసేపు చూశాను. ఏ రంగు ఎక్కువైందో ఏ కొమ్మ తక్కువైందో చెప్పడానికి ఏమీ దొరకలేదు.

"చెప్పరా."

"నాలుక పిడచకట్టుకు పోతోంది," అన్నాను.

అన్న కర్ర కింద పెట్టాడు.

పెద్దాయన వచ్చాడు. మెట్లంటే ఆయనకి భయం. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకి ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కాడు. కిందకి చూశాడు.

"ఇదేమిటయ్యా, ఎండిపోయింది."

"వేసవి గదా," అన్నాడు అన్న కింద కుర్చీలోంచి.

"నా నాయిక ఇక్కడ నిలబడి పాడాలి. నాయకుడు పువ్వు కోసి చేతికివ్వాలి. ఏమిస్తాడు, ఎండుపుల్లా?"

మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో అప్పుడే మెట్లెక్కి వచ్చింది. "ఇచ్చేవాడు ఇస్తే ఎండుపుల్లకి కూడా పాడుతుందిలెండి," అంది.

పెద్దాయన గ్లాసు అందుకున్నాడు. సగం తాగాడు. పిట్టగోడ మీదకి వంగి తెర వంకే చూస్తూ ఉండిపోయాడు. ఇక తెర వద్దనేస్తాడు అనుకున్నాను. అన్న కిందనుంచి మమ్మల్ని చూడటం లేదు, తన కాలి వేళ్ళ మధ్య ఎండిన రంగు గోకుతున్నాడు. అంతలో పెద్దాయన చేతిలో గ్లాసు మెల్లగా ముందుకి ఒరిగింది. అంచు దాకా వచ్చిన నీళ్ళు చూసి ఉలిక్కిపడి నిటారుగా పట్టుకున్నాడు.

"ఏమిటో, దానికి పొయ్యాలనిపిస్తోంది," అన్నాడు. అది రాజు గొంతు కాదు. ఆయన అసలు గొంతు నేను వినడం అదే మొదలు.

దిగాక మళ్ళీ రాజయ్యాడు. "తీసుకెళ్తాను. దింపుతానని మాత్రం మాట ఇవ్వను. టౌన్లో అచ్చు వేసిన తోట అమ్ముతున్నారు. అన్ని పూలూ ఉన్నాయి అందులో."

"మీ ఇష్టం," అన్నాడు అన్న.

కంపెనీ కుర్రాళ్ళు మా కళ్ళ ముందే తెరని మడిచారు. మడిచి, మోకాళ్ళతో నొక్కి, మళ్ళీ మడిచి లారీలో కుక్కారు. నేను అన్న వైపు చూశాను. చుట్టండిరా అంటాడని. అనలేదు. మర్చిపోయాడనుకున్నాను.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది, ఎవరో తలుపు తోసినట్టు. తోటలో బతికినవి బతికాయి. అన్న మంచం కిటికీ పక్కకి జరిపాం. ఆట మొదలైందని కబురొచ్చినప్పుడు ఆయన లేచి కూర్చోలేకపోయాడు.

"నువ్వు వెళ్ళు. చివరి వరసలో కూర్చో," అన్నాడు నాతో.

"నేనూ వెళ్తాను బావగారూ. ఈయన ఒక్క ముక్కతో వస్తాడు. మిగతాది నేను చెప్తాను," అంది మా ఆవిడ.

హాలు నిండా తడిసిన బట్టల వాసన. కొలువు తెర దిగింది, జైలు దిగింది, వీధి దిగింది. అన్నీ అన్నవే, పాతవే. నేను తోట కోసం ఎదురుచూస్తున్నాను. అచ్చు తోట దిగితే ఇంటికి వెళ్ళి ఏ ముక్క చెప్పాలా అని. మా ఆవిడ నా వేళ్ళు ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

గంట కొట్టారు. వీధి పైకి పోయింది. తోట దిగింది.

అది అన్న తోటే. కానీ నేను డాబా మీద నుంచి చూసింది కాదు. మట్టి నల్లగా ఉంది. నెర్రెలు మూసుకుపోయాయి. దుమ్ము రంగు ఆకులు పచ్చబడ్డాయి. వాలిన తలలు వాలే ఉన్నాయి గాని, అవి ఇక లేస్తాయని ఎవరికైనా తెలుస్తుంది. మా ముందు వరసలో ఒకాయన పక్కవాడితో, "ఇప్పుడే వాన వెలిసినట్టుంది," అన్నాడు. మూలన సన్నటి చార నల్లగా మెరుస్తోంది.

"ఎవరో నీళ్ళు పెట్టారు," అంది మా ఆవిడ.

నాకు అర్థమైంది. మడతల గీతలు పోవాలని వెనక నుంచి తడిగుడ్డలతో అద్దారు. రంగు తడిసి ముదిరింది. అంతే. తడి చూసి మురిసిపోకురా అన్న మాట గుర్తొచ్చింది. ఆరేదాకా చూడాలని కళ్ళార్పకుండా కూర్చున్నాను. నాయిక పాడుతోంది. నాయకుడు కోయడానికి పువ్వు లేదు, ఒట్టి చేతులతో నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. దీపాల వేడికి తెర పై అంచు మెల్లగా పాలిపోవడం మొదలైంది. తీగ దాకా, ఆ తర్వాత పొద్దుతిరుగుళ్ళ దాకా దిగింది. పాట అయిపోయింది. తెర పైకి పోయింది.

పొద్దున్నే అన్న దగ్గరికి వెళ్ళాం. కిటికీ బయట తోట మీద వాన సన్నగా పడుతోంది. వదిన దిండు ఎత్తుగా పెట్టింది.

"దింపారా?"

"దింపారు," అన్నాను.

మా ఆవిడ మంచం అంచున కూర్చుని అంతా చెప్పింది. ముందు వరస ఆయన మాట చెప్పింది, నాయకుడి ఒట్టి చేతులు చేసి చూపించింది. "మీ తోటకి నీళ్ళు పెట్టారు బావగారూ. ఈసారి మీరు గండి పూడ్చలేకపోయారు," అంది. అలక తీరింది.

అన్న నా వైపు తిరిగాడు. "మడతలు కనపడ్డాయా?"

"లేవు. తడిపినట్టున్నారు."

"ఎంత చెప్పినా వాళ్ళు మారరు," అని కళ్ళు మూసుకున్నాడు. పెదవుల మీద చిన్న నవ్వు ఉంది, దొరకని దొంగ నవ్వులాంటిది. నిద్రపోయాడనుకున్నాం. కాసేపటికి కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఆరేలోపల సీను అయిపోయిందా?"

"అయిపోయింది. పైన ఆరింది. మూల ఇంకా తడిగానే ఉంది."

"ఏ మూల?"

"మేక తిన్న మూల."

అన్న నవ్వాడు. వదిన అలవాటుగా వీపు రాయడానికి చెయ్యి చాపింది. ఆ నవ్వుకి దగ్గు రాలేదు.